దిగులూ, మా అక్క గుమ్మడికాయ రసమూ

దిగులు జబ్బును మందు లేకుండా కుదురుస్తామనేవాళ్ళు పుదుచ్చేరిలో బీచి రోడ్డు కాకులకన్నా ఎక్కువ. వాళ్ళందరి చేతుల్లోనూ ఒకసారి పడి, ప్రాణాలతో బయటికి వచ్చినవాణ్ణి నేను. ఇది చదివి మీలో ఎవరికైనా మేలు జరిగితే సంతోషం. జరగకపోతే నన్ను తిట్టుకోకండి, నేను డాక్టరును కాను. తేంగాయితిట్టు ఓడరేవు దగ్గర వలలు, తాళ్ళు, బోటు సామాను అమ్ముకునేవాణ్ణి.

పైగా పేరుమోసిన కోతలరాయుణ్ణి. ఈ సంగతి దాచి మొదలుపెడితే మిగతాది మీకు అర్థం కాదు. నా కోతల వల్ల ఇంతవరకు ఎవరికీ కీడు జరగలేదు. మా కొట్టు వలలో పడ్డ చేపలు, కన్నం కనిపించినా వల మెత్తగా ఉందని బయటికి పోలేదంటాను. వేలంలో ఒక వంజరం చేప తన ధర తనే పాడుకుందంటాను. ఆదివారం సాయంత్రం నటేశన్ నగర్‌లో మా మేడమీద చుట్టాలందరూ చేరతారు. నేను చెబుతాను, వాళ్ళు ఊఁ కొడతారు. మా ఇళ్ళల్లో ఇది తాతల నాటి ఆచారం. దానికి ఒకే నియమం: ఊఁ కొట్టేవాళ్ళు మధ్యలో 'ఇది నిజమా?' అని అడగకూడదు. అడిగినవాడు కిందికి దిగి అందరికీ కాఫీ కలిపి తేవాలి. ఆ నియమమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

చిత్తిరై

మా పక్క నెలల్ని అరవ లెక్కలోనే చెప్పుకుంటాం. చిత్తిరై అంటే ఎండ నడినెత్తిన ఉండే నెల. ఆ నెలలో నాకు తెల్లవారకముందే మెలకువ వచ్చేది. కళ్ళు తెరిచేసరికి ఎవరో నాకంటే ముందే లేచి నా గుండెలమీద కూర్చున్నట్టు ఉండేది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కనీసం ఏదో జరుగుతోందనిపించేది. ఇడ్లీ తింటే తడిపిన అట్టముక్క తిన్నట్టుండేది. కొట్టు షట్టరు ఎత్తడానికి ముందు దాని ఎదుట నిలబడి, ఇది ఎందుకు ఎత్తాలి అని ఆలోచించేవాణ్ణి. షట్టరుకు జవాబు తెలియదు, నాకూ తెలియదు.

ఇంత నీచమైన జబ్బు ఇంకొకటి లేదు. జ్వరానికి ఒక మర్యాద ఉంది. వస్తే నుదురు కాలుతుంది, ఎవరో ఒకరు తాకి చూసి అయ్యో అంటారు. కాలు విరిగితే కట్టు కడతారు, ఆ కట్టు చూసి బస్సులో సీటిస్తారు. ఇది మాత్రం దొంగలా లోపలికి వచ్చి, బయట మనిషిని తుడిచి పాలిష్ పెట్టినట్టు ఉంచుతుంది. ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళు ఒళ్ళు చేశావన్నారు కూడా.

ఒక ఆదివారం మేడమీద అందరూ కథకోసం కూర్చున్నారు. నా దగ్గర కథ లేదు. ఉన్నదే చెప్పాను.

"నాకు పొద్దున లేవబుద్ధి కావడం లే."

"ఊఁ," అన్నారు.

"లేచినా ఏదీ రుచించడం లే. మీ మొగాలు చూస్తే మీరెవురో తెలస్తాది గానీ, మీ మీద ఆశ ఉండాల గదా, అది యాడుండాదో దొరకడం లే."

"ఊఁ."

"చచ్చిపోతే బాగుండునని అనిపిస్తాండాది."

"ఊఁ. చచ్చిపోయినాక?" అంటూ మా బామ్మర్ది బాబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చచ్చిపోయినాక ఏముంటాదిరా."

"యెందుకుండదు బావా. యముడు దున్నపోతును అమ్మేసి బోటు కొనుంటాడు. సామానుకు మన కొట్టుకే వచ్చుంటాడు. బేరం యాడ తెగింది, అది చెప్పు."

అందరూ విరగబడి నవ్వారు. నా భార్య సరోజ కూడా నవ్వింది. లాస్‌పేట నుంచి వచ్చిన మా రాజక్క ఒక్కతే నవ్వలేదు. ఆమె నా కథలకు ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా నవ్వుతుంది, అందుకని నేను పట్టించుకోలేదు. ఇది నిజమా అని ఒక్కరూ అడగలేదు. ఎవరికీ కాఫీ కలిపే ఓపిక లేదు.

వైకాశి, ఆని

జబ్బును నమ్మనివాళ్ళకు కూడా వైద్యం మాత్రం తెలిసే ఉంటుంది. నాకు జబ్బేమీ లేదని తేల్చినవాళ్ళే, దాన్ని పోగొట్టే ఉపాయాలు మోసుకుని ఇంటికి వచ్చారు.

మొదట నవ్వుల క్లబ్బు. పొద్దున్నే బీచి రోడ్డులో కొందరు పెద్దమనుషులు వలయంగా నిలబడి, చేతులు పైకెత్తి, కారణం లేకుండా హహ్హహ్హ అంటారు. బతుకంతా కారణం కల్పించి మరీ నవ్వించినవాణ్ణి నేను. నన్ను అక్కడ నిలబెట్టడం చేపకు ఈత నేర్పడమే. ట్రాక్ ప్యాంటు వేసుకున్న నాయకుడు నా దగ్గరికి వచ్చి, "సార్, గొంతులోంచి వద్దు. పొట్టలోంచి, పొట్టలోంచి," అన్నాడు. పొట్టలోంచే నవ్వాను. పక్కన పడుకున్న ఒక వీధికుక్క లేచి, నా మొహం ఒకసారి చూసి, అవతలి వీధికి వెళ్ళిపోయింది. ఈ ఒక్క ముక్క నిజం, ప్రమాణం చేయమంటే చేస్తాను.

తర్వాత ఊరి బయట తోటలో ఒక గురువు. నన్ను చాపమీద పడుకోబెట్టి పొట్టమీద కంచుగిన్నె పెట్టి కర్రతో మోగించాడు. "ఏం వినిపించింది?" అన్నాడు. ఆకలి, అన్నాను. నా లోపల దారులన్నీ మూసుకుపోయాయట, ఇంకా చాలాసార్లు రావాలట. ఆయన పక్కనే ఒకామె నన్ను సరుగుడు చెట్టును కౌగిలించుకోమంది. కౌగిలించుకున్నాను. చెట్టుకు చీమలున్నాయి. అంతకు మించి మా ఇద్దరి మధ్యా ఏమీ జరగలేదు.

ఆపైన ప్రకృతి వైద్యం. మెడదాకా మట్టి పూసి ఎండలో పరిచారు. వేలానికి పెట్టిన చేపలా అలా పడుకుని, ఎవరైనా వచ్చి నా చెవి ఎత్తి తాజాగా ఉన్నానా లేదా చూస్తారేమోనని ఎదురుచూశాను. మా బాబు వైద్యం వేరు. సాయంత్రం బ్రాందీ సీసాతో వచ్చేవాడు. "ఇదీ పళ్ళలోంచి తీసిందే బావా. దీనికన్నా ప్రకృతి యాడుండాది," అనేవాడు. తాగిన సాయంత్రం బాగుండేది. మర్నాడు గుండెలమీద ఒకరికి బదులు ఇద్దరు కూర్చునేవాళ్ళు.

అందరికన్నా మొండి వైద్యురాలు మా రాజక్క. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, బావ పోయి కొన్నేళ్ళయింది. రోజూ చీకటితోనే లేచి, విమానాశ్రయం రోడ్డున పోలీసులా చేతులూపుతూ నడిచి, ఒక ఫ్లాస్కులో బూడిద గుమ్మడికాయ రసంతో మా ఇంటికి దిగేది. ఆ రసం రంగు గురించి చెప్పను, మీరు అన్నం తినాలి.

"తాగు," అనేది.

"ఏంది అక్కా ఇది, గోడకు కొట్టేదా?"

"ఎకసెక్కాలు చాలు. దీన్ని తాగి, ఎండ మొగాన పడేటట్టు నడువు. మాత్రల జోలికి మాత్రం పోవద్దు. ఒకసారి మొదలుపెడితే నీ మనసు నీది కాకుండా పోతాది."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు," అని ఫ్లాస్కు మూత బిగించేది. ఆమె వెనక్కి తిరగగానే రసం కరివేపాకు కుండీలో పోసేవాణ్ణి. ఆ మొక్క ఇప్పుడు మా మేడ దాటింది. దానికి మాత్రం దిగులు లేదు.

ఆడి

ఆడి గాలికి ఓడరేవులో కట్టిన బోట్లు ఒకదానికొకటి తగిలి మూలుగుతుంటాయి. ఒక మధ్యాహ్నం కొట్టు వదిలి, బోట్లు కట్టే ధక్కా చివరిదాకా పోయి నిలబడ్డాను. నీళ్ళ వైపు చూశాను. అవి నన్ను పిలిచాయి వంటి మాటలు రాసేవాళ్ళు రాసుకోనీ, నీళ్ళు ఎవరినీ పిలవవు. చూసింది నేనే, ఆ చూపు నాకు నచ్చలేదు. వెనక్కి వచ్చి కొట్లో కూర్చున్నాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే ఊఁ అంటారు.

అదే వారం సరోజ అన్నం క్యారేజీ తీసుకుని కొట్టుకు వచ్చింది. ఎదుట ఒక కొత్త బేరం నిలబడి ఉంది. వల చేత్తో లాగి చూసి, "ఇది ఎన్నాళ్ళు వస్తుందన్నా?" అని అరవంలో అడిగాడు.

"మామూలు వలే. ఎక్కువ రాదు. ఆ పక్క కొట్లో ఇంతకన్నా మంచిది ఉంది," అన్నాను.

బేరం పోయాక తిరిగి చూస్తే సరోజ క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మా పెళ్ళి అయినప్పటినుంచి నేను ఒక వల గురించి నిజం చెప్పడం ఆమె వినలేదు.

"ఆ పొద్దు మేడమీద చెప్పినారే," అంది. "చచ్చిపోవాలనిపిస్తాదని. అది కథ కాదా?"

"కాదు."

"ఇప్పుడు గూడానా?"

"ఇప్పుడు గూడా."

ఆమె క్యారేజీ బల్లమీద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. షట్టరు తనే కిందికి లాగింది. "ఎక్కండి ఆటో," అంది. దారి పొడుగునా నా ముంజేయి గట్టిగా పట్టుకునే ఉంది. ఆ గోళ్ళ గుర్తులు కొన్ని రోజులు ఉన్నాయి.

ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ముందు బెంచీలు నిండిపోయి ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఇంకెవరినో తీసుకువచ్చినట్టు మొహం పెట్టుకుని ఉన్నారు. నేనూ సరోజ కోసం వచ్చినవాడిలా కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె, చీరలో చేపల వాసన, నన్ను ఏమీ అడగలేదు. ఉడికించిన వేరుశనక్కాయలు పొట్లం విప్పి నా మోకాలిమీద కొన్ని పెట్టింది. అన్ని నెలల్లో నాకు సలహా లేకుండా దొరికిన మొదటి తిండి అదే.

డాక్టరమ్మ వయసులో మాకన్నా చాలా చిన్నది. "చనిపోవాలనిపిస్తుందా?" అని తిన్నగా అడిగేసింది. నా నోటికి అలవాటుగా ఏదో రాబోయింది. సరోజ చూసింది. అనిపిస్తుందన్నాను. ఆమె నవ్వలేదు, అయ్యో అనలేదు, ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, అందుకు ఏమైనా ఏర్పాటు చేసుకున్నారా అని అడిగింది. లేదన్నాను. చాలా అడిగాక, ఇది మధ్య రకంగా ఉంది, కావాలంటే మాత్రలు లేకుండా మొదలుపెట్టి చూడవచ్చు, కానీ ఒక షరతు అంది. రెండు వారాలకొకసారి రావాలి. తగ్గకపోతే మాత్రలు రాస్తుంది, అప్పుడు వాదించకూడదు. ఆ ఆలోచన బలపడితే ఏ వేళైనా సరే ఆసుపత్రికే రావాలి, రసాలు తాగుతూ కూర్చోకూడదు. సరోజ నన్ను ఒంటరిగా వదలకూడదు.

"సరే, ఇప్పుడు ఏం చేయాలి?" అన్నాను.

"రోజూ ఒకే వేళకు లేవండి. వెలుతురులో నడవండి. తాగుడు మానండి. బుద్ధి పుట్టకపోయినా రోజుకొక పని పూర్తి చేయండి. వారం వారం కౌన్సెలర్‌తో మాట్లాడండి."

"ఇది చెప్పడానికేనా అమ్మా మీరు ఇన్నేళ్ళు చదివింది?"

"చెప్పడానికి కాదు సార్, ఎవరికి ఇవి చాలవో తెలుసుకోవడానికి," అంది ఆమె.

ఐప్పసి

ఐప్పసి వానల్లో ఊరు ఊరంతా నానింది. నేను నడిచాను. ఇష్టంతో నడిచానని ఎవరైనా అంటే నమ్మకండి. నడక గొప్పదని రాసేవాళ్ళు పరమ బద్ధకస్తులై ఉంటారు. దిగులున్నవాడికి చెప్పు వేసుకోవడమే ఒక ఊరి ప్రయాణం. కొన్ని రోజులు గేటుదాకా పోయి తిరిగి వచ్చాను. అప్పుడు సరోజ గొడుగు తీసుకుని, "నేను పోతాండా. వస్తే రాండి," అని నడవడం మొదలుపెట్టేది. గొడుగు ఒక్కటే. వెనక పోక తప్పేది కాదు.

కౌన్సెలర్ ఎప్పుడూ జలుబుతో ఉండే ఒక కుర్రాయన. ఆయన ముక్కు చూసి, తన జలుబే కుదుర్చుకోలేనివాడు నన్నేం కుదురుస్తాడని మొదటి వారం ఎగతాళిగానే కూర్చున్నాను. వంజరం చేప కథ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ముక్కు తుడుచుకుని, "ఇది నిజమా?" అన్నాడు.

ఈ వయసు వచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కోపం వచ్చింది. కాదన్నాను. "అయితే నిజమేమిటి?" అన్నాడు. నేను ఆ గదిలో చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో మీకు అక్కర్లేదు. బయటికి వచ్చాక చెమటతో చొక్కా తడిసి ఉంది. వానలో తడిశానని సరోజకు చెప్పాను. ఆమె కూడా ఇది నిజమా అంది. మా ఇంట్లో ఆ నియమం ఆ రోజుతో పోయింది. ఇప్పుడు మేడమీద ఎవరైనా ఏమైనా అడగవచ్చు, కాఫీ ఎవరిది వాళ్ళే కలుపుకోవాలి.

బాగవడం పండగలా వస్తుందనుకున్నాను. రాలేదు. ఒక పొద్దున నడుస్తూ చేపల వేలం షెడ్డు దాటుతుంటే, కుళ్ళు నీళ్ళ కంపు ముక్కు బద్దలు కొట్టింది. ఛీ అనుకుని ముక్కు మూసుకున్నాను. మరి నాలుగడుగులు వేశాక తెలిసింది, ఇన్ని నెలలుగా అదే దారిలో నాకు ఏ కంపూ తగల్లేదని. వెనక్కి తిరిగి మళ్ళీ పీల్చాను. నన్ను చూసి చేపలకు ఐసు గడ్డలు కొట్టేవాళ్ళు నవ్వారు.

మార్గళి

మార్గళి మంచులో ఒక సోమవారం ఆసుపత్రికి వెళ్ళాల్సి ఉంది. సరోజకు కొట్లో సరుకు దించుకునే పని పడింది. నన్ను ఒంటరిగా పంపదు గనుక రాజక్కను తోడు పంపింది. అక్క బెంచీమీద అంచున కూర్చుంది, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని. నాకప్పటికి చాలా నయం. మాత్రలు లేకుండానే గట్టెక్కుతున్నానని డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది కూడా. బయటికి వచ్చి, "చూసినావా అక్కా, నీ రసం గెలిచింది," అన్నాను. ఎగతాళికే అన్నాను.

అక్క లేవలేదు. "నీకు పొద్దున బరువు ఎంతసేపటికి దిగుతాది?" అంది.

"ఇప్పుడు కాఫీ తాగేలోగా దిగుతాది. ముందు మధ్యాహ్నం దాకా ఉండేది. ఎందుకు?"

"నాకు దిగదు," అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆలస్యంగా వచ్చే ఆ నవ్వుకోసం ఎదురుచూశాను. రాలేదు.

"బావ పోయినప్పటినుంచా?"

"అందరూ అట్లే అనుకుంటారు. అది ఆయన ఉన్నప్పుడే ఉండాది. పిల్లోళ్ళకు పాఠం చెప్తా చెప్తా బోర్డు పక్కకు తిరిగి నిలబడేదాన్ని. చీకట్లో లేచి నడిచేది ఆరోగ్యానికి కాదురా. ఆ వేళ మంచం మీద ఉండలేక. ఎవురో చెప్పినారని రసం తాగినా. ఎండలో కూర్చున్నా. అన్నీ చేసినా. కొన్నాళ్ళు పని చేసినాయి. ఇప్పుడు చేయడం లే."

"నాకు మాత్రలు వద్దంటివే?"

"నాకు భయం. నా భయం నీకు పోసినా. రసంతో పాటు."

ఆ క్షణంలో చెప్పదగిన మాటలు నాకు చాలా వచ్చు, అన్నీ కోతలే. చీటీలిచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళి ఆమె పేరు ఇచ్చాను. కిటికీలోని మనిషి, "పేషెంటు మీరు కదా సార్?" అన్నాడు. ఇవాళ ఇద్దరం, అన్నాను.

అక్క లోపల చాలాసేపు ఉంది. నేను బయట ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాను. ఆకలి వేసి మూత తీసి ఒక గుక్క తాగాను. ఆ మనిషి అన్నేళ్ళు రోజూ దీన్ని ఎలా తాగిందో, తాగి మా ముందు ఎలా నిటారుగా నిలబడిందో నాకు అర్థం కాలేదు. రసం మాత్రం పరమ అసహ్యంగా ఉంది. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

ఆమెకు మాత్రలు రాశారు. నడక మానవద్దనీ, నడక ఒక్కటే ఇక చాలదనీ అన్నారట. "నీకు లేకుండా నాకెందుకు అని అడిగినా," అంది అక్క ఆటోలో. "ఆయన జబ్బు ఆయనది, మీ జబ్బు మీది అనింది ఆ పిల్ల." చీటీని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. కాసేపటికి మళ్ళీ అంది, "రేయ్. ఇది యాడా చెప్పబాక. సరోజకు నేనే చెప్తా. మిగతా ఎవురికీ వద్దు."

"అక్కా, నా సంగతి తెలుసు గదా. నా పొట్టలో కథ నిలవదు."

ఆమె ఆలోచించింది. ఆటో లాస్‌పేట మలుపు తిరిగేదాకా ఆలోచించింది. నేను ఉద్యోగం వెతుక్కుంటూ కొన్నేళ్ళు యానాంలో ఉండి, అక్కడి గోడలమీది పోస్టర్లు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్న సంగతి ఇంట్లో ఆమెకు బాగా గుర్తు. మా ఇళ్ళల్లో పుట్టినప్పటినుంచీ తెలుగే మాట్లాడతాం, చదవడం రాయడం మాత్రం అరవంలోనో ఇంగ్లీషులోనో.

"అంత ఆగలేకపోతే తెలుగులో రాసుకో," అంది. "మనోళ్ళల్లో ఎవురికి చదవను వస్తాది?"

అందుకే ఇది మీ దాకా వచ్చింది. మా ఆదివారాల మేడమీద మా అక్క ఇప్పుడు నా పక్కనే కూర్చుంటుంది. ఈ కాగితాలు అక్కడే బల్లమీద ఉంటాయి. బాబు వాటిమీద కాఫీ గ్లాసు పెడతాడు.